యంత్రాల మీద పన్ను ఎవరి ఖజానాకు?

ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చిన్న వ్యాపారాలకు పన్ను లెక్కలు రాసిపెట్టే మన చోడవరం ఆడపడుచు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా పక్కన తర్లువాడలో గూగుల్ డేటా సెంటర్ వస్తుందని తెలిసినప్పటి నుంచి ఊళ్ళో వేరే మాట లేదు. మీరుండే లౌడన్ కౌంటీ డేటా సెంటర్లతోనే బాగుపడిందని మా మేనల్లుడు చెప్పాడు. అక్కడివాళ్ళు కంపెనీలను ఎలా రప్పించుకున్నారు? ఊరివాళ్ళకి ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి? ఉన్నదున్నట్టు చెప్పండి.
– ఒక పాఠకుడు, ఆనందపురం మండలం

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఉద్యోగాల సంగతి ముందే చెప్పేస్తాను, ఎక్కువమంది ఆశ పెట్టుకునేది దాని మీదే కాబట్టి. కట్టేటప్పుడు చాలా వస్తాయి, కట్టాక కొన్నే మిగులుతాయి. వర్జీనియా శాసనసభ తరఫున ప్రభుత్వ పథకాలను మదింపు చేసే సంఘం ఒకటుంది. అది 2024 డిసెంబరులో డేటా సెంటర్ల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. రెండున్నర లక్షల చదరపు అడుగుల డేటా సెంటర్‌లో పనిచేసేది సుమారు 50 మంది, అందులో సగం కాంట్రాక్టు మనుషులు అని అందులో ఉంది. కట్టడం జోరుగా సాగే నెలల్లో మాత్రం ఒక్కో సైటులో 1,500 మంది దాకా ఉంటారట. నేను రోజూ వెళ్ళే వాక్స్‌పూల్ రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగితే ఎటు చూసినా కిటికీలు లేని పొడుగాటి గోడలే. అంత భవనానికి ముందు నిలబడి ఉండేది పదుల్లో కార్లు.

మరి కౌంటీ ఎలా బాగుపడింది? నా టేబుల్ మీద ఉండే కాగితంతో చెప్తాను, మీరు లెక్కల మాస్టారు కాబట్టి సులువుగా పట్టేస్తారు.

ఇక్కడ ప్రతి వ్యాపారీ ఏటా మార్చి 1 లోపు తన దగ్గరున్న సామాను జాబితా కౌంటీకి ఇవ్వాలి. టిఫిన్ సెంటర్ నడిపే మన తెలుగు దంపతులు ఒకరు నా దగ్గరికి బిల్లులన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వస్తారు. గ్రైండర్, ఫ్రీజర్, బిల్లింగ్ కంప్యూటర్... ఏ సంవత్సరం కొన్నారు, ఎంతకు కొన్నారు అని ఒక్కొక్కటీ రాస్తాను. కంప్యూటర్ సామాను అయితే మొదటి ఏడు కొన్న ధరలో 50 శాతాన్ని విలువగా కడతారు. తర్వాత 40, 30, 20, ఆపైన 10 శాతం. ఆ విలువలో ప్రతి 100 డాలర్లకు 4.15 డాలర్ల పన్ను. అంటే 1,000 డాలర్ల కంప్యూటర్‌కు మొదటి ఏడాది 20.75 డాలర్లు, అయిదేళ్ళకూ కలిపి 62.25 డాలర్లు. మా టిఫిన్ సెంటర్ వాళ్ళకు ఇది పెద్ద భారం కాదు. కానీ అదే ఫారం, అదే రేటు డేటా సెంటర్‌కూ వర్తిస్తుంది. అక్కడుండేది బిల్లింగ్ కంప్యూటర్ ఒక్కటి కాదు, హాళ్ళ నిండా సర్వర్లు, అంటే ఇంటర్నెట్ సమాచారాన్ని దాచి అందించే పెద్ద కంప్యూటర్లు. పైగా వాళ్ళు నాలుగైదేళ్ళకోసారి పాతవి తీసేసి కొత్తవి పెడతారు. పెట్టిన ప్రతిసారీ లెక్క మళ్ళీ 50 శాతం నుంచి మొదలు.

ఆ డబ్బు నేరుగా కౌంటీ ఖజానాలోనే పడుతుంది. రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి నుంచి ఎప్పుడొస్తుందా అని ఎదురు చూడక్కర్లేదు. ఈ రోజు కౌంటీ సాధారణ నిధికి వచ్చే ఆదాయంలో మూడో వంతు పైన డేటా సెంటర్లదే. వాటికోసం ఒక డాలరు సేవలకు ఖర్చయితే 26 డాలర్ల పన్ను తిరిగొస్తుందని కౌంటీ చెప్పే లెక్క. డేటా సెంటర్‌కు పిల్లలుండరు, బడి కట్టక్కర్లేదు, బస్సు నడపక్కర్లేదు. ఇళ్ళ మీద పన్ను 2012లో విలువలో ప్రతి 100 డాలర్లకు 1.235 డాలర్లు ఉండేది, 2025లో 0.805కి దిగింది. ఇళ్ళ ధరలు పెరిగాయి కాబట్టి బిల్లు అంత దిగిందని చెప్పను. కానీ రేటు అక్కడే ఉండిపోతే మాలాంటి వాళ్ళు చాలామంది ఇల్లు అమ్ముకుని వేరే చోటికి వెళ్ళాల్సి వచ్చేది.

ఇక రప్పించుకోవడం సంగతి. కొంత అదృష్టం ఉంది, దాచక్కర్లేదు. 1962లో డల్లెస్ విమానాశ్రయం వచ్చేనాటికి ఇదంతా పాడి పశువుల నేల. 1990లలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని డల్లెస్‌కు మార్చింది. అదే దశాబ్దం చివర్లో ఈక్వినిక్స్ అనే కంపెనీ మా కౌంటీలోని యాష్‌బర్న్‌లో ఇంటర్నెట్ కంపెనీలన్నీ ఒకదానితో ఒకటి కలిసే కేంద్రం పెట్టింది. భూమిలో ఫైబర్ కేబుల్ విపరీతంగా వేశారు. తర్వాత డాట్‌కామ్ బుడగ పేలిపోయి చాలా ఇంటర్నెట్ కంపెనీలు కుప్పకూలాయి, కేబుల్ మాత్రం భూమిలోనే ఉండిపోయింది.

ఆ కేబుల్‌ను ఆస్తిగా చూడటంలో కౌంటీ తెలివి ఉంది. 2000లో లక్షా 70 వేలున్న జనాభా 2010 నాటికి 3 లక్షల 12 వేలైంది. ఇళ్ళు, పిల్లలు, బడులు. ఖర్చంతా ఇళ్ళ పన్ను మీద పడింది, అంతలో 2008 మాంద్యం. అంతకు ఏడాది ముందే కౌంటీ ఆర్థికాభివృద్ధి శాఖలో బడ్డీ రైజర్ అనే ఆయన చేరారు. అంతకుముందు రేడియో రంగంలో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆ శాఖ డేటా సెంటర్లనే గురిపెట్టి వెంటపడింది. అనుమతుల ఫైళ్ళను వేగంగా కదిలించే ప్రత్యేక మార్గం పెట్టారు. అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ ‘బై రైట్’ పద్ధతి. అంటే ఫలానా జోన్‌లో డేటా సెంటర్ కట్టుకోవడం హక్కు. నిబంధనల ప్రకారం ప్లాను ఉంటే బహిరంగ విచారణ లేకుండానే కట్టేసుకోవచ్చు. కంపెనీకి తేదీ తెలియడం అంటే డబ్బు తెలియడమే. రాష్ట్రం కూడా చెయ్యి వేసింది. 15 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టి 50 ఉద్యోగాలు ఇస్తే సర్వర్ల కొనుగోలు మీద అమ్మకపు పన్ను ఉండదు. దానివల్ల రాష్ట్రానికి 2023 ఆర్థిక సంవత్సరంలో 92.8 కోట్ల డాలర్ల పన్ను రాకుండా పోయిందని ఆ సంఘం నివేదికే చెప్పింది. రాష్ట్రం వదులుకుంది, కౌంటీ అందుకుంది. రెండూ ఒకే జేబు కాదని మీరు గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు మిగతాది. కౌంటీలో దాదాపు 200 డేటా సెంటర్లున్నాయి. మొదటి ఇరవై కట్టేటప్పుడు ఎవరికీ పట్టలేదు. తర్వాత అవి ఇళ్ళ పక్కకు వచ్చాయి. చలికాలంలో చెట్ల ఆకులు రాలిపోయాక మా పెరట్లో నిలబడితే రాత్రి పదకొండు గంటలకు కూడా పాత ఫ్రిజ్ లాంటి గుయ్‌మనే మోత వినిపిస్తుంది. పగలు తెలియదు. పడుకున్నప్పుడు దిండు కింది నుంచి వస్తున్నట్టుంటుంది. కరెంటు పోతే వాడటానికి డీజిల్ జనరేటర్లు వరసగా పెడతారు, వాటిని అప్పుడప్పుడూ నడిపి చూస్తారు. 2022 జులైలో కరెంటు కంపెనీ డొమినియన్, తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకు సరిపడా కరెంటు వెంటనే అందించలేమని చెప్పింది. తయారయ్యే కరెంటు లేక కాదు, తెచ్చే లైన్లు చాలక. ఆ లైన్లు ఎవరి ఇళ్ళ వెనకనుంచి వెళ్ళాలన్న గొడవ ఇంకా నడుస్తోంది. భూమి ఎకరం 20 లక్షల డాలర్లు దాటిపోయింది. ఆ ధరకు గిడ్డంగో, చిన్న వర్క్‌షాపో పెట్టుకోగలిగేవాళ్ళు ఎవరు?

ఆదాయం కూడా ఎప్పుడూ ఒకేలా రాదు. 2021 ఆర్థిక సంవత్సరంలో కంప్యూటర్ సామాను పన్ను అంచనా కంటే సుమారు 6 కోట్ల డాలర్లు తక్కువగా వచ్చింది. పైన చెప్పిన 50, 40, 30 లెక్కే దీనికి మూలం. కొత్త సర్వర్లు పెట్టడం కాస్త ఆలస్యమైనా పాతవాటి విలువ ఏటా కరిగిపోతుంది. అప్పటి నుంచి కౌంటీ ఒక్క పంటనే నమ్ముకోకూడదని గట్టిగా అనుకుంటోంది.

చివరికి 2025 మార్చిలో ‘బై రైట్’ను తీసేశారు. ఇప్పుడు ప్రతి కొత్త డేటా సెంటర్‌కూ ప్రజల ముందు విచారణ జరగాలి, ఎన్నికైన బోర్డు ఓటు వేయాలి. ఛైర్‌తో కలిపి తొమ్మిది మంది బోర్డు అది. లీస్‌బర్గ్‌లోని కౌంటీ భవనంలో నేనూ ఒకసారి మైకు ముందు నిలబడ్డాను. ఇచ్చేది రెండు మూడు నిమిషాలే, ఎదురుగా గడియారం అంకెలు తగ్గుతూ ఉంటాయి. చేతిలో కాగితం వణికింది. మా పెరట్లో మోత గురించి చెప్పాను. ఆ ప్రాజెక్టు ఆగలేదు. కానీ గోడకూ ఇళ్ళకూ మధ్య దూరం గురించి బోర్డు సభ్యురాలు ఒకరు నా మాటనే ఎత్తి ప్రశ్న అడిగారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఈసారి మోత వల్ల కాదు, సంతోషంతో.

మీ ఊరి సంగతికొస్తాను. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖకు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది, 2026 నుంచి 2030 దాకా. అది వస్తే మంచిదే, నేను వద్దనను. కానీ మా కౌంటీకి దక్కిన అసలు లాభం మీ పంచాయతీకి దానంతటదే రాదు. మన పంచాయతీలు పన్ను వేసేది భవనాన్ని చూసి. లోపలి సర్వర్లకు ఏటేటా విలువ కట్టి పన్ను తీసుకునే ఏర్పాటు మన దగ్గర లేదు. పరిశ్రమలకు స్థలాలిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో అయితే ఆస్తి పన్ను కూడా ‘ఐలా’ అనే సంస్థే వసూలు చేసి, కొంత వాటా మాత్రం పంచాయతీకి ఇస్తుంది. కాబట్టి గ్రామసభలో ఎన్ని ఉద్యోగాలు అని మాత్రమే అడగకండి మాస్టారూ. భవనం పన్ను ఎవరు వసూలు చేస్తారు, మన పంచాయతీ వాటా ఎంత, ఎన్నేళ్ళు మాఫీ ఇచ్చారు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. నీళ్ళ గురించీ అడగండి. ఇక్కడ లౌడన్ వాటర్ సంస్థ మురుగునీటిని శుద్ధి చేసి, వంకాయ రంగు పైపుల్లో చాలా డేటా సెంటర్లకు చల్లబరచడానికి పంపిస్తుంది. తాగేనీళ్ళ మీద అంత ఒత్తిడి తగ్గుతుంది. మీ దగ్గర ఏ నీళ్ళు, ఎక్కడివి అన్నది పునాది తవ్వకముందే తేలాలి. జనరేటర్లు ఇళ్ళకు ఎంత దూరంలో పెడతారన్నదీ అప్పుడే. మేము ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అడిగిన ప్రశ్నలివి.

ప్రశ్న: అక్కా, మా వారూ నేనూ యాష్‌బర్న్‌కు వచ్చి రెండేళ్ళయింది. ఇంట్లో చేసే పచ్చళ్ళు, పొడులు అమ్మాలని ఉంది. కౌంటీ పెద్ద కంపెనీల వెంటే పడుతుందా, మాలాంటి వాళ్ళను పట్టించుకుంటుందా?
– ఒక సోదరి, యాష్‌బర్న్

జవాబు: పట్టించుకుంటుందమ్మా, కానీ మీరే వెళ్ళి తలుపు తట్టాలి. లౌడన్‌లో చిన్న వ్యాపారాలకు సలహా ఇచ్చే ఎస్‌బీడీసీ కేంద్రం ఉంది. డబ్బు తీసుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆర్థికాభివృద్ధి శాఖలో రైతులకు, పల్లెల్లోని వ్యాపారాలకు వేరే సిబ్బంది ఉన్నారు. పడమటి లౌడన్‌లో ద్రాక్షతోటలు, వైన్ తయారీ అంత పెరగడంలో వాళ్ళ శ్రమ కూడా ఉంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆవకాయ, గోంగూర లాంటి పులుపు పట్టించి నిలవచేసే వాటికీ, కారప్పొడికీ రూల్స్ ఒకటి కావు. ఇంటి వంటగదిలో ఏది చేయవచ్చో రాష్ట్ర వ్యవసాయ శాఖను అడిగి తెలుసుకున్నాకే జాడీలు కొనండి. మొదలు పెట్టేటప్పుడు పొడులతో మొదలు పెట్టమంటాను. మిక్సీ, సీలింగ్ మెషీన్ కొన్న బిల్లులు దాచిపెట్టండి, మార్చి 1 ఫారానికి కావాలి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం. డేటా సెంటర్లో ఉద్యోగం రావాలంటే ఇంజినీరింగ్ చదవాలా?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: చదవకపోయినా దారి ఉంది. లోపల కోడింగ్ చేసేవాళ్ళు ఉంటారని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో అక్కడ షిఫ్టుల్లో ఎక్కువగా ఉండేది కరెంటు, జనరేటర్, బ్యాటరీ, ఏసీ, ఫైబర్ కేబుల్ చూసే టెక్నీషియన్లు. మా దగ్గర నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ ఇదే పనికి ప్రత్యేకంగా కోర్సు నడుపుతోంది. మీ అబ్బాయి డిప్లొమా పూర్తి చేసి, హై వోల్టేజ్ ప్యానెళ్ళ మీద, పెద్ద ఏసీ ప్లాంట్ల మీద ఒకటి రెండేళ్ళు చేతితో పని నేర్చుకుంటే బాగుంటుంది. ఇంగ్లిష్‌లో లాగ్‌బుక్ రాయడం రావాలి. రాత్రి డ్యూటీలు తప్పవు, అది మాత్రం ముందే అబ్బాయికి చెప్పండి.