కొత్తవాళ్లలో ఎవరితో మాట్లాడవచ్చో ఐదేళ్ల పాపకు ఎలా చెప్పాలి?

మీ పాప అందరితో కలివిడిగా ఉంటుందని భయపడి "కొత్తవాళ్లతో మాట్లాడవద్దు" అన్నారు. ఇప్పుడు లిఫ్టులో పై అంతస్తు తాతగారు పలకరించినా మీ వెనక దాక్కుంటోంది. ఎవరు మంచివారో గుర్తుపట్టడం ఎలా నేర్పాలని అడిగారు.

నేను రైల్వేలో టీటీఈని. ఉద్యోగం ఎక్కువగా విజయవాడ మీదుగానే సాగింది. దసరాకు ఇంద్రకీలాద్రి వచ్చే జనంతో, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే జనంతో ప్లాట్‌ఫారాలు కిక్కిరిసినప్పుడు పిల్లలు తప్పిపోవడం మాకు కొత్త కాదు. ఇంట్లో నాకూ ఇద్దరు పిల్లలున్నారు.

మంచివారిని గుర్తుపట్టడం ఐదేళ్ల పిల్లకు సాధ్యం కాదు. యాభై ఏళ్లవాళ్లకే చేతకావడం లేదు. (టిక్కెట్టు లేకుండా దొరికేవారిలో ఇస్త్రీ చొక్కాలకు కొదవేమీ లేదు.) అందుకని మా పిల్లలకు మనిషిని చూడమని చెప్పలేదు, ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారో చూడమన్నాను. నీకు సాయం కావాలంటే నువ్వే వెళ్లి అడుగు, ఎవరిని అడగాలో నువ్వే ఎంచుకో. నువ్వు అడగకుండానే ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఎక్కడికైనా రమ్మంటే, ఏదైనా ఇస్తామంటే, సాయం చేయమంటే మాత్రం అక్కడ నిలబడవద్దు. పెద్దవాళ్లకు దారి తెలియకపోతే పెద్దవాళ్లనే అడుగుతారు గానీ పిల్లలను అడగరు కదా! ఈ చివరి మాట మా చిన్నవాడికి ఇట్టే ఎక్కింది. పిల్ల తనంతట తాను వెళ్లి అడిగిన మనిషి దుర్మార్గుడు అయ్యే అవకాశం చాలా తక్కువ. ఒంటరిగా ఉన్న పిల్లను వెతుక్కుంటూ వచ్చిన మనిషి గురించి అంత ధీమాగా చెప్పలేం.

ఎవరిని అడగాలి? పిల్లలను వెంటబెట్టుకుని ఉన్న అమ్మ కనిపిస్తే ముందు ఆమెను. లేదంటే ఒకే చోట ఉండి పనిచేసుకునేవాళ్లను, అంటే దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారిని, టిక్కెట్ కౌంటర్లో ఉన్నవారిని, బస్సులో అయితే కండక్టరును. "యూనిఫాం వేసుకున్నవాళ్లను అడుగు" అంటే చాలదు. పిల్లల కళ్లకు కొరియర్ కుర్రాడిదీ యూనిఫామే. ఎవరు ఎంత మంచిగా పిలిచినా ఆ స్టేషను, ఆ దుకాణం దాటి బయటికి మాత్రం వెళ్లకూడదు. మీరు పక్కన ఉన్నంతసేపు తాతగారితోనే కాదు, ఎవరితోనైనా మాట్లాడనివ్వండి. అలవాటు లేని పిల్ల అవసరం వచ్చినప్పుడు నోరు విప్పదు. కిరాణా కొట్లో అగ్గిపెట్టె ధర తననే అడగమనండి, చిల్లర తననే తీసుకోమనండి.

ఇక పోలీసుల సంగతి. ఒక పండుగ రద్దీలో ఆరేళ్ల బాబు తప్పిపోయాడు. పార్సిల్ మూటల వెనక నక్కి కూర్చున్నాడు. రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) కానిస్టేబుల్ వెతుకుతూ దగ్గరికి వస్తున్నకొద్దీ వాడు ఇంకా లోపలికి ముడుచుకుపోయాడు. నా నల్లకోటును కూడా నమ్మలేదు. పల్లీలు అమ్ముకునే ఆవిడ గంప దించి, పక్కన చతికిలబడి "ఏ ఊరు నాన్నా మీది?" అన్నాక గానీ బయటికి రాలేదు. వచ్చీరాగానే ఆమెతో అన్నమాట: "నేను అన్నం తినేశాను, ఆ పోలీసుకు చెప్పండి."

ఇంట్లో ఏం జరుగుతోందో అర్థమైంది కదా! తినకపోతే పోలీసు వస్తాడు, నిద్రపోకపోతే పోలీసు వస్తాడు అని ముద్దముద్దకూ బెదిరించి పెంచితే, తీరా అవసరమైన రోజున వాడు ఖాకీని చూసి దాక్కోక ఏం చేస్తాడు? ఆ బెదిరింపు ఈ రోజే మానేయండి. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలకూ చెప్పండి.

ఆ బాబు కథ అక్కడితో అయిపోలేదు. అమ్మ పేరు అడిగితే "అమ్మ" అన్నాడు. నాన్న పేరు "డాడీ". తన పేరేమో "చిట్టి". మైకులో ఏమని పిలవాలి? చివరికి చొక్కా రంగు చెప్పించాం, తల్లి పరుగెత్తుకొచ్చింది. కాబట్టి పాపకు తన అసలు పేరు, మీ ఇద్దరి పేర్లు, ఊరు, ఒక ఫోన్ నంబరు కంఠతా రావాలి. నంబరును పాటలా పాడిస్తే తొందరగా వస్తుంది. ప్రయాణాల్లో జేబులో చీటీ కూడా పెట్టండి, చేతి మీద పెన్నుతో రాసింది చెమటకు పోతుంది. మేడారం జాతరలో పిల్లల చేతులకు పట్టీలు కట్టేది ఇందుకే. రైల్లో గానీ స్టేషనులో గానీ తప్పిపోతే 139కి ఫోన్ చేయండి. పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫారం మీదే పిల్లల సహాయ కేంద్రం ఉంటుంది.

బడి దగ్గర ఇంకో చిక్కు. "మీ నాన్నకు దెబ్బ తగిలింది, నిన్ను తీసుకురమ్మన్నారు" అంటే ఎంత తెలివైన పిల్లయినా బయలుదేరుతుంది. మా ఇంట్లో దీనికొక రహస్య మాట పెట్టుకున్నాం, అది పిల్లలే ఎంచుకున్నారు. ఒకసారి నేను డ్యూటీలో ఇరుక్కుపోయి స్నేహితుణ్ని పంపాను, ఆ మాట చెప్పడం హడావిడిలో మరిచిపోయాను. ఇంటికి పదిసార్లు వచ్చి భోంచేసిన మనిషినే మా అమ్మాయి గేటు దగ్గర నిలబెట్టి "మాట చెప్పండి" అంది. ఆయన నాకు ఫోన్ చేసి నవ్వాడు గానీ, నాకు మాత్రం గర్వంగా అనిపించింది. వాడిన మాటను మళ్లీ వాడం, కొత్తది పెట్టుకుంటాం.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. అసలు ప్రమాదం ఎక్కువగా కొత్తవాళ్ల నుంచి రాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2021 నివేదిక చూస్తే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నమోదైన పిల్లలపై అత్యాచారం కేసుల్లో సుమారు 96 శాతంలో నిందితులు తెలిసినవాళ్లే. అందుకే "అంకుల్‌కు ముద్దు పెట్టు" అని మేము పిల్లలను బలవంతపెట్టం. నమస్కారం చాలు. చుట్టాలు ఏమనుకుంటారని మా అమ్మ నొచ్చుకుంది. అనుకోనీ అమ్మా అన్నాను.

"ఎవరికీ చెప్పవద్దు" అని ఎవరు అన్నా సరే, అమ్మకో నాన్నకో చెప్పి తీరాలని నేర్పండి. పుట్టినరోజు కానుక లాంటివి రెండు రోజుల్లో ఎలాగూ బయటపడతాయి, వాటిని దాచుకోవచ్చు. పాప ఎప్పుడైనా ఏదైనా చెబితే మధ్యలో ఆపకండి, "ఆయన అలాంటివాడు కాదు" అనకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టమే అంటోంది, దగ్గరి చుట్టమని మినహాయింపేమీ లేదు.