పిల్లల గిటార్ అనుకున్నా, ఇప్పుడు వదలబుద్ధి కావట్లేదు

ప్రశ్న: నమస్తే అండి. నాకు 46 ఏళ్ళు. కాలేజీ రోజుల నుంచి స్టీల్ తీగల గిటార్ మీద పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) పట్టుకుని కార్డ్స్ కొట్టుకుంటూ పాడుకోవడం తప్ప ఇంకేం రాదు. రెండేళ్ళ కిందట మా అబ్బాయి నేర్చుకుంటానంటే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ కొన్నాం, వాడు నాలుగు క్లాసులకెళ్ళి మానేశాడు, అది మూలపడింది. నెల కిందట ఒక రాత్రి ఊరికే తీశా, పిక్ కనపడక వేళ్ళతోనే మీటా, ఆ శబ్దంలో ఏముందో గానీ అప్పట్నుంచి రోజూ అందరూ పడుకున్నాక దాంతోనే కూర్చుంటున్నా. మూడు డౌట్లు. కొత్త తీగలు వేశా, పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతోంది, గిటార్‌లో లోపమా? సౌండ్ మరీ చిన్నగా ఉంది, స్టీల్ తీగలు వేసెయ్యమంటున్నాడు మా ఫ్రెండ్, వేయొచ్చా? ఈ వయసులో క్లాసికల్ పద్ధతి నేర్చుకోవడం అయ్యే పనేనా? మా ఆవిడైతే "నెలరోజులుగా టింగు టింగుమంటున్నారు, పాట ఎప్పుడు?" అంటోంది.

జవాబు: ముందు రెండో డౌట్ చూద్దామండి, మిగతావి ఆగుతాయి, ఇది ఆగదు. వేయకండి. ఇంకా వేయలేదు కదా? మీ ఫ్రెండ్‌కి నా తరఫున దండం పెట్టి వద్దని చెప్పండి, ఎందుకంటే ఈ పని నేను చేశా. ఇరవై ఏళ్ళప్పుడు నా మొదటి క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు బిగించా, రెండు రోజులు బ్రహ్మాండంగా మోగింది, అందరికీ చూపించుకున్నా కూడా. మూడో రోజు రాత్రి గోడకి ఆనించి పడుకుంటే టపాకాయ పేలినట్టు చప్పుడు. లైటేసి చూస్తే బ్రిడ్జి, అదే పైచెక్క మీద తీగలు కట్టే చెక్క పట్టీ, ఊడొచ్చి తీగలకి వేలాడుతోంది, కింద పైచెక్క పొర కూడా లేచిపోయింది. దాన్ని అతికించినాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. నైలాన్ తీగలు ఆరూ కలిసి ఇంచుమించు 40 కిలోల బరువుతో లాగుతాయి. స్టీల్ లైట్ సెట్ అయినా 70 కిలోలు దాటుతుంది. ఆ లాగుడంతా మోయాల్సింది రెండు మూడు మిల్లీమీటర్ల పైచెక్క, దాని కింద విసనకర్ర పుల్లల్లా పరిచి అతికించిన సన్నటి బద్దలు. స్టీల్ గిటార్‌కి లోపలి కట్టుబడే వేరు. ఈ విసనకర్ర పద్ధతిని ఒక దారికి తెచ్చింది స్పెయిన్‌లో గిటార్లు చేసే ఆంటోనియో దె టోర్రెస్ అనే ఆయన, ఇవాళ మీ చేతిలో ఉన్న గిటార్ ఆకారం, 650 మిల్లీమీటర్ల తీగ పొడవు అన్నీ చాలావరకు ఆయన చలవే. శబ్దం అంతా పైచెక్కలోనే ఉంది అని నిరూపించడానికి ఆయన 1862లో పక్కలూ వెనకా అట్టముక్కలతో చేసి, పైన మాత్రం మంచి చెక్క పెట్టి ఒక గిటార్ కట్టాడు. అది ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. మనం పాడు చేసేది సరిగ్గా ఆ పైచెక్కనే.

ఇక సౌండ్ చిన్నది అన్నారు. చిన్నదే, కాదనను. పదిమంది గట్టిగా పాడుతుంటే వెనక కార్డ్స్ కొట్టడానికి ఇది పనికిరాదు, ఆ పనికి మీ పాత గిటార్ ఉంచుకోండి. కానీ ఈ రాత్రి ఒక పని చేయండి. రెండో తీగ ఒక్కటే, ఎడమ చెయ్యి అసలు పెట్టకుండా, చూపుడు వేలితో బ్రిడ్జికి ఆనుకుని మీటండి, రేకు డబ్బా తట్టినట్టు సన్నగా గీరుతుంది. అక్కడి నుంచి అంగుళం అంగుళం జరుపుతూ రంధ్రం మీదకి, తర్వాత మెడ వైపుకి రండి, అదే తీగ, అదే స్వరం, గుండ్రంగా, మెత్తగా, చివరికి ఎవరో పక్క గదిలో కూనిరాగం తీసినట్టు అయిపోతుంది. ఇప్పుడు గోరు తగలకుండా వేలి కండతో. ఇప్పుడు మీటిన వేలు పక్కనున్న మూడో తీగ మీద వాలి ఆగేట్టుగా, దీన్ని రెస్ట్ స్ట్రోక్ అంటారు, స్వరం బరువుగా నిండుగా వస్తుంది. ఒక్క తీగ మీద అరగంట ఎలా గడిచిందో తెలీదు. పిక్‌తో ఇన్నాళ్ళు ఆరు తీగల్నీ ఒకేసారి గీకేశాం కదా, ఒక్కొక్కదాన్నీ విడిగా పలకరించే తీరిక మనకెక్కడిది. మీ ఆవిడ టింగు టింగు అన్నది దీన్నే అయితే ఇంకో నెల ఓపిక పట్టమనండి.

శ్రుతి సంగతి, గిటార్‌లో లోపం ఏం లేదు. నైలాన్ సాగుతుంది, కుదురుకోవడానికి కొన్ని రోజుల నుంచి వారం పడుతుంది, సన్నటి మూడు తీగలు ఎక్కువ విసిగిస్తాయి. కొంచెం పైకి లాగి వదిలి మళ్ళీ శ్రుతి చేస్తూ ఉంటే త్వరగా దారికొస్తాయి. మొదటి తీగ బ్రిడ్జి దగ్గర జారట్లేదు కదా చూడండి, అది బాగా సన్నం కాబట్టి ముడిలో రెండు మూడు చుట్లు తిప్పాలి, లేకపోతే టక్కున జారి పైచెక్క మీద గీత పెడుతుంది. విసుగొస్తే పాతకాలం వాళ్ళని తలుచుకోండి, వాళ్ళవి గొర్రె పేగుతో చేసిన తీగలు, గాలిలో చెమ్మ మారితే చాలు శ్రుతి మారేది, పుటుక్కున తెగేవి కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేగు ఆపరేషన్ కుట్లకి వెళ్ళిపోయి గిటార్లకి కరువొస్తే, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టిన్ అనే గిటార్లు చేసే ఆయన నైలాన్‌తో కుస్తీ పట్టాడు, అప్పటి మహా విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా దగ్గరుండి ప్రోత్సహించాడు. అంటే మనం వింటున్న ఈ మెత్తటి శబ్దం వయసు ఇంకా వందేళ్ళు కూడా కాలేదు.

46 ఏళ్ళకి అయ్యే పనేనా అంటే, నేర్చుకోవడం కంటే మర్చిపోవడమే మీకు కష్టం. స్టీల్ గిటార్ మెడ సన్నం కాబట్టి బొటనవేలు పైనుంచి చుట్టేసి పట్టుకుంటాం, దీని మెడ వెడల్పు పైభాగంలో 52 మిల్లీమీటర్లు, స్టీల్ గిటార్‌ది 43. బొటనవేలు మెడ వెనక మధ్యలోకి రావాలి, లేకపోతే చిటికెన వేలు ఎక్కడికీ అందదు. ఎడమ పాదం కింద చిన్న పీట వేసి గిటార్ ఎడమ తొడ మీద పెట్టుకోండి, మొదట నాటకంలా అనిపిస్తుంది, వారం తర్వాత పాత పద్ధతిలో కూర్చోలేరు. ఇంకోటి, మీరు కచ్చితంగా తీగల్ని అవసరం కంటే గట్టిగా నొక్కుతూ ఉంటారు, ఫ్రెట్‌కి, అదే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీకి, ఆనుకుని నొక్కితే సగం బలం చాలు.

పుస్తకం అంటే పాతకాలం గిటార్ విద్వాంసుడు ఫెర్నాండో సోర్ రాసిన ఓపస్ 60 (ఓపస్ అంటే రచన నంబరు) తీసుకోండి, 25 పాఠాలు, మొదట్లో ఒక్కో స్వరమే, బుద్ధిగా మెట్లెక్కిస్తాడు. జాగ్రత్త, కర్కాస్సి అని ఇంకో పాత విద్వాంసుడిది కూడా ఓపస్ 60యే, అందులోనూ 25 ఉంటాయి, అది చాలా కష్టం, పొరపాటున దాంతో మొదలెట్టి నా వల్ల కాదని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

కుడి చేతికి గోళ్ళు పెంచాలా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. ఇప్పుడే అక్కర్లేదు, స్పెయిన్ గిటార్ విద్వాంసుడు తారెగా అంతటివాడు చివరి ఏళ్ళలో గోళ్ళు తీసేసి కండతోనే వాయించాడు. తర్వాత కావాలంటే వేలి కొస దాటి మిల్లీమీటరో రెండో పెంచి నున్నగా అరగదీసుకోండి. ఒక చేతికి గోళ్ళు, ఒక చేతికి లేవు, ఇంట్లో నవ్వుతారు, మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

తీగలు కుదురుకున్నాక, సోర్ అయిదో పాఠం దాటాక మళ్ళీ రాయండి. బ్రిడ్జి ఊడిందని మాత్రం రాయకండి.