బ్యాటరీ భయానికి 32 వేలా?

చి. వంశీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈ బెంగళూరులో బనశంకరి నుంచి మీ యెలహంక రావాలంటే ఆదివారం కూడా గంటన్నర పడుతోంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఊ, ఊ" అంటూ ల్యాప్‌టాప్‌లో వేరే పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

కొత్త కారుకని నువ్వు పంపిన కొటేషన్ ఫొటో పెద్దది చేసుకుని చూశాను. రోడ్ ట్యాక్స్ దగ్గర గుండె గుభేలుమంది. కర్ణాటకలో కారు 10 లక్షలు దాటి 20 లక్షల లోపు అయితే 17 శాతం, దాని మీద మళ్లీ సెస్సు. అది తప్పదు, కట్టాల్సిందే. దాని కింద ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, మ్యాట్లూ మడ్ ఫ్లాపులూ, వాటి మధ్య చడీచప్పుడు లేకుండా 'ఎక్స్‌టెండెడ్ వారంటీ - 32,000'. ఇదేంటని అడిగితే సేల్స్ కుర్రాడు "అందరూ తీసుకుంటారు సార్, హైబ్రిడ్ కదా, బ్యాటరీ పోతే లక్షలవుతుంది" అన్నాడని చెప్పావు చూడు, ఆ మాట దగ్గర నాకు చిర్రెత్తింది.

ఎందుకంటే ఆ బ్యాటరీకీ ఈ 32 వేలకీ సంబంధం లేదు. నువ్వు తేల్చుకోలేక ఊగుతున్న రెండు బండ్లలో, టయోటా హైరైడర్ కానీ మారుతీ గ్రాండ్ విటారా కానీ, ఏది తీసుకున్నా హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీయే 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇస్తుంది, ఏది ముందైతే అది. దానికి నువ్వు విడిగా పైసా కట్టక్కర్లేదు. (రెండు బండ్ల హైబ్రిడ్ సరంజామా, అంటే పెట్రోలు ఇంజన్‌కు తోడుండే మోటారూ బ్యాటరీ, ఒకటే. 2022లో వచ్చినప్పుడు రెండూ మన బిడదిలోని టయోటా ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. ఊరికే ఊగకు, సీటు ఏది బాగుంటే అది తీసుకో.) మిగతా బండికి మామూలు వారంటీ 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. నీకు అమ్ముతున్న కాగితం ఆ మూడేళ్లను ఐదేళ్లు చేస్తుంది. అంటే 8 ఏళ్లు భద్రంగా ఉన్న వస్తువును చూపించి భయపెట్టి, 5 ఏళ్ల కాగితం అమ్ముతున్నాడన్నమాట. పాపం ఆ కుర్రాడికి కూడా తెలిసి ఉండదులే, పైవాడు చెప్పమన్నది చెప్పి ఉంటాడు.

అయితే ఒకటి చూసుకో. 'స్మార్ట్ హైబ్రిడ్' అని వెనక బిళ్ల ఉన్న బండ్లూ ఉన్నాయి. అవి మైల్డ్ హైబ్రిడ్లు, చిన్న మోటారు ఇంజన్‌కు చేయూతనిస్తుందంతే, కరెంటు మీద బండి నడవదు. నేను చెబుతున్న 8 ఏళ్ల మాట కాసేపు కరెంటు మీదే నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి. బుకింగ్ ఫారం మీద వేరియంట్ పేరు పూర్తిగా రాయించు.

మరి ఎక్స్‌టెండెడ్ వారంటీ దండగేనా? ఆ మాట నేననను.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో చెడిపోయే ఇనుప సామాను నిజానికి తక్కువ. విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. గేర్‌బాక్స్‌లో క్లచ్ లేదు, బెల్టు లేదు. బ్రేకు తొక్కితే మోటారే బండిని లాగిపట్టి కరెంటు తయారు చేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లూ నిదానంగా అరుగుతాయి. అందరూ హడలిపోయే ఆ బ్యాటరీ ఎంతనుకున్నావు? హైరైడర్‌లోది 0.76 యూనిట్లు. నిండా ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు.

ఇనుము తగ్గిన చోట ఎలక్ట్రానిక్స్ చేరాయి. బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ ఉంది. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ఇంజన్ ఆగిపోయినా ఏసీ చల్లగా వస్తూనే ఉంటుంది కదా, అది ఎలక్ట్రిక్ కంప్రెసర్ పుణ్యం. మోటారు బ్రేకునూ మామూలు బ్రేకునూ కలిపి చూసుకునే యూనిట్ ఇంకొకటి. పైన సన్‌రూఫ్, ముందు స్క్రీను, నాలుగు వైపులా కెమెరాలు. వీటిలో ఏది పోయినా విప్పి బాగుచేయడం ఉండదు, మొత్తం పీకేసి కొత్తది బిగిస్తారు. మా రోజుల్లో జేసీ రోడ్డులో ఒక పూట తిరిగితే ఏ బండికైనా పార్టు దొరికేది, పక్క సందులో మెకానిక్ బిగించేవాడు. నారింజ రంగు హై వోల్టేజీ వైర్లున్న బండి మీద ఆ మెకానిక్ చెయ్యి వేయడు, వేయకూడదు కూడా. కంపెనీ వర్క్‌షాపే గతి, వాళ్లు చెప్పిందే ధర. బ్యాటరీకున్న 8 ఏళ్లు ఈ ఇన్వర్టర్‌కీ కంప్రెసర్‌కీ వర్తించవు. నాలుగో ఏడాదో ఐదో ఏడాదో ఇలాంటిది ఒక్కటి పోయినా 32 వేలకు మించి బిల్లు వస్తుంది. ఏదీ పోకపోవచ్చు కూడా. నువ్వు కొనేది ఈ రెండేళ్ల నిశ్చింతనే, బ్యాటరీని కాదు. ఆ లెక్కతో ఆలోచించు.

ఇరవై ఆరేళ్లు ఇన్సూరెన్స్ ఆఫీసులో మోటార్ క్లెయిమ్స్ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, ఏ పుస్తకమైనా వెనక నుంచి చదవడం అలవాటైపోయింది. ఏమేం ఇస్తారో మొదటి పేజీలో రంగుల్లో ఉంటుంది, ఏమేం ఇవ్వరో చివర్లో చీమల బారులా ఉంటుంది. బయటి నుంచి తగిలిన దెబ్బకు ఇన్సూరెన్స్, లోపల పుట్టిన జబ్బుకు వారంటీ. ఈ తేడా తెలియక నా బల్ల ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మీ యెలహంకలోనే 2024 అక్టోబరులో కేంద్రీయ విహార్‌లో నీళ్లు నిండి జనాన్ని పడవల్లో బయటకు తెచ్చారు కదా. అలా సెల్లార్‌లో మునిగిన బండికి ఏ వారంటీ రాదు. ఎలుక వైరు కొరికినా రాదు. వాటికి ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ (పార్టు పాతదని కోత వేయకుండా ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజన్ పోతే ఇచ్చేది) ఉండాలి. ఆ ఇంజన్ ప్రొటెక్ట్‌లో హైబ్రిడ్ మోటారూ బ్యాటరీ కలుస్తాయో లేదో రాతపూర్వకంగా అడుగు. నన్నడిగితే నీకు ముందు కావాల్సింది అదే. కొటేషన్‌లో అది కనిపించలేదు, మడ్ ఫ్లాపులు మాత్రం ఉన్నాయి.

ఇంత చెబుతున్న నేనే ఒకసారి బోల్తా పడ్డాను. మాకిప్పుడున్న హైబ్రిడ్ కాదు, అంతకు ముందు ఉన్న ఆటోమేటిక్ బండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాం. మీ అక్క పురుడుకని హైదరాబాద్ వెళ్లి మూడు నెలలు ఉండిపోయాం, సర్వీసు రెండు నెలలు ఆలస్యమైంది. బండి ఇంట్లో కదలకుండా ఉంది కదా, కిలోమీటర్లు తిరగలేదు కదా అనుకున్నాం. ఆ తర్వాత ఆరు నెలలకు ఏసీ కంప్రెసర్ పోయింది. సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో తేదీలు చూసి, స్క్రీను నా వైపు తిప్పి, వేలితో చూపించాడు. మాట్లాడలేదు. నేను నా బల్ల దగ్గర ఎంతమందికి అలా వేలితో చూపించానో గుర్తొచ్చింది. 38 వేలు కట్టి వచ్చాం. మీ పెదనాన్న దారి పొడవునా ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

కాబట్టి వారంటీ కొన్నా నువ్వు దాన్ని నిలబెట్టుకోగలవా అనేది చూసుకోవాలి. ప్రతి సర్వీసూ వేళకు కంపెనీ వర్క్‌షాపులోనే, ప్రతి బిల్లూ దాచి. ఇంకో సంగతి, నువ్వు బయట వూఫర్ పెట్టిస్తానన్నావట, కోడలు పిల్ల చెప్పింది. వైరు కోసి అతుకు వేశారంటే, ఆ తర్వాత ఏ ఎలక్ట్రికల్ పార్టు పోయినా ఆ అతుకునే చూపిస్తారు. పాటలు ఉన్న స్పీకర్లలోనే విను.

మాకిప్పుడున్న హైబ్రిడ్ సంగతి కూడా చెప్పాలి. మూడో ఏడాది వేసవిలో అనంతపురం నుంచి వస్తుంటే బాగేపల్లి దాటాక హైబ్రిడ్ వార్నింగ్ వెలిగింది. మీ పెదనాన్న అప్పటికప్పుడు బ్యాటరీ ఖర్చు లెక్కలు మొదలుపెట్టాడు. వర్క్‌షాపులో ఆ అబ్బాయి వెనక సీటు కింద ఉన్న చిన్న జాలీ ఊడదీసి చూపించాడు. మన రాజాగాడి బొచ్చు, దుమ్ము కలిసి పాత పరుపులో దూదిలా అట్ట కట్టింది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చుకునే దారి అదేనట. పెయింట్ బ్రష్‌తో దులిపి, ఎయిర్ కొట్టి బిగించాడు. ఆ రోజు నుంచి కుక్క ముందు సీట్లో, నేను వెనక. నీ బండిలో ఆ జాలీ ఎక్కడుందో డెలివరీ రోజే చూపించమను, దాని మీద బ్యాగులు పడేయకు. శుభ్రం చేయక బ్యాటరీ వేడెక్కి పోతే 8 ఏళ్ల వారంటీలో కూడా పేచీ రావచ్చు.

ఇక నీ లెక్క. ఆఫీసుకు వారానికి మూడు రోజులు, పోను 30, రాను 30. ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్ల పైచిలుకు. అనంతపురం పది సార్లు వెళ్లొస్తే నాలుగు వేలు. చిల్లర తిరుగుడు కలిపి 15 వేలు వేసుకో, ఐదేళ్లకు 75 వేలు. లక్ష దాటదు. అంటే నీకు కిలోమీటర్లు ముందు అయిపోవు, ఏళ్లే అయిపోతాయి. అదే ఏడాదికి 40 వేలు తిప్పే మీ బావకైతే రెండున్నరేళ్లకే లక్ష నిండి మామూలు వారంటీ పోతుంది, అతని లెక్క వేరు. ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లి ఉండే ఆ ఆన్‌సైట్ అవకాశం నిజంగా వస్తుందా? నాలుగేళ్లలోపు బండి అమ్మేసే ఉద్దేశం ఉంటే వద్దే వద్దు. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేటట్టయితే తీసుకోవచ్చు.

తీసుకున్నా డెలివరీ రోజు మాత్రం వద్దు, లోన్‌లో అసలే వద్దు. కాగితం మీద లెక్క వేశాను. 32 వేలను 9 శాతం వడ్డీతో ఏడేళ్ల లోన్‌లో కలిపితే నెలకు 515, మొత్తం 43 వేల పైచిలుకు. మూడేళ్ల దాకా మొదలే కాని వారంటీకి మొదటి నెల నుంచి వడ్డీ, ఐదో ఏడాదికి అయిపోయేదానికి ఏడో ఏడాది దాకా ఈఎంఐ! మామూలు వారంటీ ఇంకా నడుస్తుండగా తర్వాతైనా కొనుక్కోనిస్తారు, ఆలస్యమయ్యే కొద్దీ ధర పెంచుతారు. డెలివరీనాడు ఎంత, ఏడాది తర్వాత ఎంత, మూడో ఏడాది చివర్లో ఎంత, ఈ మూడు ధరలూ జీఎస్టీతో కలిపి మెయిల్‌లో ఇమ్మను. తేడా రెండు మూడు వేలే అయితే ఆగు, ఈలోగా ఆ 32 వేలు ఎఫ్‌డీలో వెయ్యి, జర్మనీ సంగతీ తేలుతుంది. ఫోన్‌లో మాత్రం రెండు సంవత్సరాల పదో నెలకు అలారం పెట్టుకో. గడువు దాటాక మారాం చేసినా ఇవ్వరు.

ఆ కాగితం మీద ఎవరి పేరుందో కూడా చూడు. కారు కంపెనీ సొంత ప్లాను అయితే అనంతపురంలో ఆగినా, చెన్నైలో ఆగినా వాళ్ల వర్క్‌షాపులో చెల్లుతుంది. డీలరు సొంతంగా ఎవరితోనో కలిసి అమ్మేదైతే, నేనైతే ముట్టుకోను. పార్టుతో పాటు లేబర్ కూడా ఇస్తారా, ఇన్వర్టర్, ఎలక్ట్రిక్ కంప్రెసర్ పేర్లు లిస్టులో ఉన్నాయా, బండి అమ్మితే కొన్నవాళ్ల పేరు మీదికి మారుతుందా, ఈ మూడూ అడుగు. చిన్న 12 వోల్టుల బ్యాటరీకి, టైర్లకి, వైపర్లకి ఎలాగూ రాదు.

"వారంటీ తీసుకోకపోతే డెలివరీ లేటవుతుంది సార్" లాంటి మాటలు వస్తే గొడవ పడకు. ఆ మాటే మెయిల్‌లో రాసి పంపమను. రాయరు. అయినా మొండికేస్తే 1915 ఉంది, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్.

రేపు ఆ వారంటీ లైను కొట్టేయించి కొత్త కొటేషన్ తీసుకో. వారంటీ పుస్తకం పీడీఎఫ్ అడిగి నాకు పంపు, చివరి నాలుగు పేజీలు చాలు. ప్రింటు తీయొద్దు, ఇప్పుడు ట్యాబ్‌లో ఎర్ర గీతలు గీయడం నేర్చుకున్నాను. డెలివరీ పొద్దున పెట్టుకుంటే మీ పెదనాన్న కూడా వస్తానంటున్నాడు. నిమ్మకాయలు మేమే తెస్తాం.

మీ పెద్దమ్మ