మీటరును సరిచూశాకే చెరువులో ముంచు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవెనలు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువు నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే కొత్త పీహెచ్ మీటరును పెట్టెలోంచి తీసి నేరుగా చెరువులో ముంచావని విని భయమేసింది.

మొదటి పంటలో నేను చేసిన తప్పు చెబుతాను. శుభ్రంగా ఉంటుందని ఎలక్ట్రోడ్‌ను, అంటే నీటిలో ముంచే గాజు బుడ్డి ఉన్న కడ్డీని, వారాల తరబడి డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచాను. లోపలి లవణం నీటిలోకి దిగిపోయి రీడింగు తప్పింది. ఒక ఉదయం 7.2 చూపిస్తే కంగారుపడి పీహెచ్ పెంచడానికి సున్నం చల్లించాను. మధ్యాహ్నం చెక్‌ట్రే, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం, ఎత్తితే మేత వేసినది వేసినట్టే ఉంది. పక్క రైతు మీటరు తెచ్చి చూస్తే 9 దాటింది! పీహెచ్ 8 వద్ద చెరువు నీటిలోని అమ్మోనియాలో విషపు భాగం పదో వంతు కూడా ఉండదు. 9 వద్ద మూడో వంతు దాటుతుంది. ఆ ట్రేను నేటికీ మరిచిపోలేదు.

అందుకే ఎలక్ట్రోడ్‌ను ఎప్పుడూ 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచు. డిస్టిల్డ్ వాటర్ కడగడానికి మాత్రమే. కడిగాక గాజు బుడ్డిని గుడ్డతో రుద్దకు, టిష్యూ కాగితం అంచు తాకిస్తే చుక్క దానంతటదే పీల్చుకుంటుంది. పొరపాటున ఎండిపోతే అదే ద్రావణంలో రాత్రంతా నాననివ్వు.

ఇక మీటరును సరిచూడటం. బఫర్ అంటే పీహెచ్ విలువ ముందే తెలిసిన ద్రావణం. ముందు 7 బఫర్‌లో ముంచి మెల్లగా కదుపు. అంకెలు 7.06, 7.03 అంటూ జారుతుంటాయి. అవి నిలిచేదాకా బటన్ నొక్కకు. ఆ ఓపికే అసలు పని. మళ్లీ కడిగి 10 బఫర్‌కు వెళ్లు. చెరువు నీరు మామూలుగా 7.5కూ 9కీ మధ్య ఉంటుంది కాబట్టి ఈ రెండూ చాలు. 4 బఫర్ ఆమ్ల నేలల మట్టి పరీక్షకు దాచుకో.

10 బఫర్‌తో జాగ్రత్త. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దాని విలువ పడిపోతుంది. మూత తీసిన తేదీ సీసా మీద రాయి, వాడినది తిరిగి సీసాలో పోయకు. వేడి కూడా లెక్కే: 25 డిగ్రీల దగ్గర 10.01 ఉండేది 30 డిగ్రీల దగ్గర 9.97 అవుతుంది. సీసా మీది పట్టికలో చూసుకో, సీసాను ఎండలో పెట్టకు.

ఆఖరున మీటరు స్లోప్ చూపిస్తుంది, అంటే ఎలక్ట్రోడ్ ఎంత సరిగా స్పందిస్తోందో చెప్పే శాతం. 95 నుంచి 102 శాతం మధ్య ఉంటే నిశ్చింత. తగ్గితే బుడ్డి మీద సున్నపు పొర ఉందేమో చూడు, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాసేపు ఉంచి కడిగి మళ్లీ మొదటి నుంచి చెయ్యి. అప్పటికీ పెరగకపోతే కొత్త ఎలక్ట్రోడ్ కొను, ఖర్చుకు వెనకాడకు.

రేపు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి, స్లోప్‌తో సహా పుస్తకంలో రాసి ఉంచు. ఆదివారం వస్తాను, నా మీటరు కూడా తెస్తాను. రెండూ ఒకే గ్లాసు నీటిలో పెట్టి చూద్దాం.

మీ మామయ్య