కన్వర్టర్ మార్చే ముందు అది ఎందుకు చెడిందో తేల్చుకోండి

2014 నాటి మీ పెట్రోలు కారు చించినాడ వంతెన ఎక్కేటప్పుడు లాగలేకపోతోందని, ఇంజిన్ లైటు వెలుగుతోందని, స్కానర్ పెడితే పి0420 కోడ్ వచ్చిందని రాశారు. కన్వర్టర్ (పొగగొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) లోపలి గుల్లను పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తే మూడు వేలతో పోతుందని మెకానిక్ చెప్పారట, చేయించాలా అని అడిగారు. చేయించవద్దు. అలాగని రేపే వెళ్లి కొత్త కన్వర్టర్ కొనవద్దని కూడా చెబుతాను, ఎందుకంటే సరిగ్గా ఆ తొందరలోనే నేను తొమ్మిది వేల రూపాయలు పోగొట్టుకున్నాను.

మాది రావులపాలెం దగ్గర ఒక ఊరు. నా కారు 2013 డిసెంబరులో హైదరాబాద్‌లో రిజిస్టరైన బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 అనే కాలుష్య ప్రమాణం) బండి, చేతులు మారి నా దగ్గరకు వచ్చింది. మన డెల్టాలో నేలంతా చదును కాబట్టి ఇంజిన్ బలం తగ్గితే చాలాకాలం తెలియదు, వంతెన ఎక్కినప్పుడే బయటపడుతుంది. నాకూ జొన్నాడ వంతెన ఎక్కుతుండగానే అనుమానం వచ్చింది. మూడో గేరులో హాయిగా ఎక్కే బండి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపుతున్నట్టు ఉండిపోయింది. దిగి చూస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. అప్పుడు నేను చేసిన పని, స్కానర్‌లో కనిపించిన కోడ్‌ను చూసి కన్వర్టర్ మార్పించడం. కంపెనీ వస్తువు ధర విని భయపడి బయటి తయారీది చవకగా వేయించాను. ఏడు నెలలకే అదీ పోయింది.

రెండోసారి విప్పినప్పుడు పాత డబ్బాను చేత్తో ఊపితే రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు గలగలమంది. టార్చి వేసి లోపలికి చూశాను. తేనెపట్టులా సన్నటి గదులతో ఉండవలసిన పింగాణీ దిమ్మె మధ్యభాగం కరిగి, పాకం ముదిరి గడ్డకట్టిన బెల్లంలా మూసుకుపోయి ఉంది. పింగాణీని కరిగించేంత వేడి మామూలు పొగకు ఉండదు. సిలిండరులో మండకుండా మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితేనే అంత వేడి పుడుతుంది. అంటే రెండు కన్వర్టర్లనూ చంపినది నా ఇంజినే. రెండో సిలిండరులో ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ రబ్బరు తొడుగు సన్నగా చీలి ఉంది, వాన రోజుల్లో తేమ పట్టినప్పుడు మాత్రమే నిప్పురవ్వ తప్పేది. ఎండలో షెడ్డుకు తీసుకువెళ్లినప్పుడు అంతా బాగానే ఉండేది కనుక ఎవరూ పట్టుకోలేకపోయారు. ఒక వాన సాయంత్రం అమలాపురం నుంచి రావులపాలెం వరకు ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటూ ఉన్నా ఆపకుండా వచ్చేశాను. ఆ ప్రయాణంలోనే ఎక్కువ నష్టం జరిగిందని ఇప్పుడు నా నమ్మకం. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని చూపించవచ్చు గానీ, అది ఆరి వెలుగుతూ ఉంటే మిస్‌ఫైర్ (సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం) జరుగుతోందని, కన్వర్టర్ అప్పటికే కాలుతోందని అర్థం. వేగం తగ్గించి బండిని వీలైనంత త్వరగా పక్కకు ఆపాలి.

అందుచేత మీరు మొదట చేయవలసినది కన్వర్టర్ నిజంగా చెడిందా, చెడితే దేనివల్ల చెడింది అన్నవి విడివిడిగా తేల్చుకోవడం. పి0420 అంటే కన్వర్టర్ పని సామర్థ్యం తగ్గినట్టు కంప్యూటర్‌కు కనిపించిందని మాత్రమే, కన్వర్టర్ పోయిందని కాదు. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందుది పావు వోల్టు కంటే కిందకీ ముప్పావు వోల్టు పైకీ చకచకా ఊగుతుండాలి, వెనకది సుమారు 0.6 నుంచి 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉండాలి. బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని ఫోనులో రెండు గీతలనూ పక్కపక్కన చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత కూడా వెనకది ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్‌లో పొగను శుద్ధి చేసే లోహాల పూత అరిగిందని అనుమానించవచ్చు. అయితే సెన్సర్ల దగ్గర పొగగొట్టం జాయింటు కారుతున్నా ఇలాగే కనిపిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే నర్సాపురం, అంతర్వేది వైపు బళ్లలో ఫ్లాంజిలు, బోల్టులు తుప్పు పట్టడం మామూలే కనుక, సబ్బు నీళ్లు పూసి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. దీనికి ఖర్చేమీ లేదు.

మీ బండి వంతెన ఎక్కడం లేదంటున్నారు గనుక మూసుకుపోవడాన్ని కూడా చూడాలి. ముందు సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగిస్తే సరిపోతుంది. 2500 ఆర్‌పీఎం దగ్గర పొగ పీడనం 3 పీఎస్‌ఐ దాటితే గొట్టంలో అడ్డు ఉన్నట్టే. నాకు 6 చూపించింది. ఈ పరీక్ష చేయని షెడ్డులో కన్వర్టర్ గురించి ఇచ్చే సలహాను నేను నమ్మను.

కారణం కోసం మిస్‌ఫైర్ కోడ్‌లు చూడండి, అవి పి0300తో మొదలై సిలిండరు సంఖ్యను బట్టి పి0301, పి0302 అని సాగుతాయి. ప్లగ్గులు, కాయిల్స్ ముందు తేలాలి. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే అందులోని భాస్వరం, జింక్ పూత మీద పేరుకుని ప్లాటినం, పల్లేడియం, రోడియం అనే లోహాలకు పొగ తగలకుండా చేస్తాయి. కూలెంట్ తగ్గిపోతున్నా అలాంటి నష్టమే ఉంటుంది. ఈ రెండిటిలో ఏదైనా ఉంటే కొత్త కన్వర్టర్‌కు కూడా అదే గతి పడుతుంది. వరద నీళ్లలో దిగిన బండి అయితే ఇంకొక అనుమానం ఉంది. వందల డిగ్రీల వేడి మీద ఉన్న కన్వర్టర్ హఠాత్తుగా చల్లటి నీటిలో మునిగితే లోపలి పింగాణీ పగలవచ్చు. లంక గ్రామాల కాజ్‌వేల మీద నీళ్లు పారుతుండగా దాటిన బళ్లను కొనేవారు అడుగున వేడిని అడ్డుకునే రేకు లోపల ఒండ్రు ఉందేమో చూడాలి.

ఇక గుల్ల కొట్టించడం గురించి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద కాలుష్య నియమాలు ఉల్లంఘించిన వారికి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా ఉన్నాయి. బీఎస్-4 పెట్రోలు కారు ఐడిల్ మీద (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 200) దాటకూడదు. కన్వర్టర్ లేకుండా ఆ గీత లోపల నిలవడం పాత ఇంజినుకు కష్టం. మీ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు రెన్యూవల్‌కు వచ్చినప్పుడు ఈ చిక్కు తప్పదు. కానీ నాకు జరిమానా కంటే పెద్దగా అనిపించేది వేరే ఉంది. ఖాళీ డబ్బా వేశాక ఇంజిన్ లైటు శాశ్వతంగా వెలిగే ఉంటుంది, లేదా సెన్సర్‌ను మోసం చేసి ఆర్పేస్తారు. ఆ తరువాత నిజమైన మిస్‌ఫైర్ వచ్చినా మీకు తెలిసే దారి ఉండదు. పైగా ఊరికే విప్పిస్తామనే వారికి పాత గుల్లలోని లోహాల విలువ తెలుసు. కాబట్టి ఎవరు విప్పినా పాతది మీ చేతికే ఇప్పించుకోండి.

నేను చివరకు రెండు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు మార్పించి, నెలరోజులు వానలో ఎండలో తిప్పి, ఒక్క మిస్‌ఫైర్ కోడ్ కూడా రాలేదని నిర్ధారించుకున్నాక కంపెనీ కన్వర్టర్ వేయించాను. ఖర్చు చాలానే అయింది, కానీ రెండేళ్లుగా లైటు వెలగలేదు. బయటి తయారీలో కూడా మంచివి ఉంటాయి, అయితే బీఎస్-4కు సరిపోయేదని రాతపూర్వకంగా ఇవ్వని దుకాణంలో కొనవద్దు.

బాగుచేయించే వరకు మీరు చూసుకోవలసినది ఇంకొకటి ఉంది. మూసుకుపోయిన కన్వర్టర్ ఎర్రగా కాలేంత వేడెక్కవచ్చు. దాళ్వా కోతలప్పుడు మన రోడ్ల అంచుల్లో వరిగడ్డి ఎండబెట్టి ఉంటుంది గదా, ఆ గడ్డి మీద బండి ఆపవద్దు. కన్వర్టర్ కిందకి ఎండుగడ్డి చేరితే అంటుకుంటుంది, బండితో పాటు రైతు గడ్డి కూడా పోతుంది. మట్టి నేల చూసుకుని ఆపి, ఇంజిన్ చల్లారాకే అక్కడి నుంచి కదలండి.