ఎల్‌ఆర్‌ఎస్ కోసం మీరు ఆగారు, గడువు ఆగలేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. జీతం రూ.32 వేలు. మొదటి పెట్టుబడిగా 2021 మార్చిలో షాద్‌నగర్ దగ్గర పంచాయతీ లేఅవుట్‌లో 150 గజాల ప్లాటు, గజం రూ.9,000 చొప్పున రూ.13.5 లక్షలకు బేరం కుదుర్చుకున్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం. చెక్కు ద్వారా రూ.2.5 లక్షలు, నా భార్య నగలు కుదువపెట్టి నగదుగా రూ.3 లక్షలు ఇచ్చాను. నగదుకు మధ్యవర్తి డైరీ కాగితం మీద సంతకం చేశాడు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ వచ్చిన మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని రాసుకున్నాం. 2023 సెప్టెంబరు 18న యజమాని ‘ఆ రేటుకు ఇవ్వను, గజం 18 వేలైతే రండి, లేదంటే అడ్వాన్సు తీసుకెళ్లండి’ అని వాట్సాప్ పెట్టాడు. తర్వాత మధ్యవర్తి సర్దిచెబుతూ వచ్చాడు. 2025లో ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. ఇప్పుడు పాత కాగితాలన్నీ ఇచ్చేస్తే అదే లేఅవుట్‌లో 100 గజాలకు నోటరీ జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇప్పిస్తానంటున్నాడు మధ్యవర్తి. ఇంట్లో రోజూ గొడవే. జీపీఏ తీసుకోనా, పోలీసు కేసు పెట్టనా? చేతిలో ఉన్న మరో రూ.4 లక్షలతో ఇంకోచోట చిన్న ప్లాటు కొనవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ వాట్సాప్ మెసేజే ఈ కేసును తేలుస్తుంది.

అగ్రిమెంటును అమలు చేయించమని వేసే దావాకు లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ కింద మూడేళ్ల గడువు. రిజిస్ట్రేషన్‌కు ఫలానా తేదీ అని రాసుకుంటే ఆ తేదీ నుంచి, లేకుంటే అవతలివారు నిరాకరించినట్టు మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. ఆ తేదీ క్యాలెండర్‌లో చూపించగలిగే తేదీ అయి ఉండాలని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ‘ఎల్‌ఆర్‌ఎస్ వచ్చిన మూడు నెలల్లో’ అన్నది క్యాలెండర్ తేదీ కాదు. కాబట్టి మీ గడియారం 2023 సెప్టెంబరు 18న మొదలైంది, 2026 సెప్టెంబరు 18తో ఆగిపోతుంది. మధ్యవర్తి మాటలతో అది పెరగదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినా, లాయర్ నోటీసు ఇచ్చినా పెరగదు. నోటీసు ఇచ్చేశాం కదా అని కూర్చుని హక్కు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

జీపీఏ మాట. గజం 18 వేలు అడుగుతున్న లేఅవుట్‌లో మీ రూ.5.5 లక్షలకు 100 గజాలంటే గజం రూ.5,500 పడింది. అంత చవగ్గా ఎందుకు ఇస్తున్నారని అడిగారా? ఆ ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ ఉందా, అది పార్కు స్థలమా, రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందా? నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. జీపీఏతో హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇచ్చినవాడు పోతే సాధారణంగా ఆ జీపీఏ కూడా అతనితోనే పోతుంది. అన్నిటికన్నా ప్రమాదం, పాత కాగితాలు తిరిగి ఇవ్వమనడం. ఇచ్చారా, ఉన్న ఒక్క ఆధారమూ మీ చేతులతో మీరే అప్పగించినట్టు. రాజీకి వాళ్లు నిజంగా సిద్ధమైతే నేరుగా రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేయమనండి. అసలు కాగితాలు సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకాలు అయ్యాకే చేతులు మారాలి.

పోలీసు కేసుతో ప్లాటు రాదు. మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపలేకపోతే ‘సివిల్ వివాదం’ అని పక్కన పెడతారు. ఈలోగా మీ నెలలు కరిగిపోతాయి.

ఇక సాక్ష్యం. మూడు లక్షలు నగదుగా ఇచ్చి, యజమాని సంతకం లేని డైరీ కాగితం పుచ్చుకోవడం ఏం పని? ఆ మధ్యవర్తికి డబ్బు తీసుకునే అధికారం యజమాని ఇచ్చాడని మీరే రుజువు చేయాలి. నగల తాకట్టు గురించి మీరు బాధతో రాశారు. నాకు కావలసింది ఆ గోల్డ్ లోన్ రసీదు. దాని మీది తేదీ డైరీ కాగితం తేదీకి దగ్గరగా ఉంటే డబ్బు ఎక్కడిదో తేలుతుంది. ఇచ్చారని రుజువు కావడానికి మాత్రం అగ్రిమెంటు సాక్షులు కావాలి. వాట్సాప్ సంభాషణలో ఎక్కడైనా యజమాని ‘మీ ఐదున్నర లక్షలు’ అని రాసి ఉంటే మీ పంట పండినట్టే, వెతకండి. ఇంకో మాట: రూ.2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాలో రాస్తే కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జరిమానా పడేది నగదు పుచ్చుకున్నవాడికే, కానీ ఆ డబ్బు ఎక్కడిదో మీరూ చెప్పాలి. అక్కడా ఆ రసీదే దిక్కు.

ఆ ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేస్తారు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాస్తారు.

అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదని కంగారు వద్దు, అమలు దావాలో దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. స్టాంపు సుంకం లోటు మాత్రం కట్టాలి. దానిపై జరిమానా పది రెట్ల దాకా పడవచ్చు. ‘స్వాధీనం ఇచ్చాం’ అన్న ముక్క అందులో ఉందేమో చూడండి. ఉంటే సుంకం సేల్ డీడ్ లెక్కన అడుగుతారు. డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా రాసేసే ఆ ఒక్క మాట చాలా ఖరీదైనది.

ఇప్పుడు మీ నాలుగు లక్షలు. ఇంకోచోట పెట్టకండి! మీరు మొదటినుంచీ డబ్బుతో సిద్ధంగా ఉన్నారని చూపడం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్ కింద తప్పనిసరి. ఎన్నో దావాలు అక్కడే కూలిపోతాయి. మీరు ఇవ్వాల్సిన బాకీ రూ.8 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే రూ.13.5 లక్షల మీద రూ.1,01,250. ప్రభుత్వ విలువ ఎక్కువుంటే దాని మీద లెక్క. మొత్తం తొమ్మిది లక్షల పైచిలుకు చూపాలి. మొత్తం చేతిలోనే ఉండనక్కర్లేదు, తేగల స్తోమత ఉందని కనబడాలి. ఎల్‌ఆర్‌ఎస్ వచ్చిన ప్లాటు కాబట్టి బ్యాంకును ప్లాటు రుణం అడిగి మంజూరు పత్రం తెచ్చుకోండి. 2021 నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయండి. ఆ మిగతా ఐదు లక్షలు మీ జీతానికి పుట్టవనుకుంటే ప్లాటు ఆశ వదిలి డబ్బు వాపసుకే వెళ్లండి, అందులో నామోషీ లేదు.

దావాలో రెండూ అడగండి: మొదట రిజిస్ట్రేషన్, అది కుదరకపోతే వడ్డీతో వాపసు. రెండోది ప్రత్యేకంగా రాయకపోతే కోర్టు దానంతటదే ఇవ్వదు. కోర్టు ఫీజు బాకీ మీద కాదు, మొత్తం రూ.13.5 లక్షల మీద. ఒకవేళ సెప్టెంబరు దాటిపోతే, కొన్నవాడు ఇచ్చిన డబ్బుకు ఆ ఆస్తి మీదే చార్జ్ (ఆస్తి నుంచి డబ్బు రాబట్టుకునే హక్కు) ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. ఆ దారిలో వాపసు అడిగేందుకు గడువు పన్నెండేళ్లు. అది వాపసుకే, ప్లాటుకు కాదు.

ముందుగా ఆ ప్లాటు ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి. ఇంకా యజమాని పేరుతోనే ఉంటే, బాకీ చెల్లించడానికి సిద్ధమని పదిహేను రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ రుజువు దాచుకుని, ఇతరులకు అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్‌తో కలిపి స్థలం ఉన్న ప్రాంతపు సివిల్ కోర్టులో దావా వేయించండి. ఈపాటికే వేరొకరికి రిజిస్టరై ఉంటే ఆ కొన్నవారినీ ప్రతివాదిగా చేర్చాలి. మీ అగ్రిమెంటు సంగతి వారికి కొనేముందే తెలిసి ఉంటేనే ప్లాటు మీద ఆశ.