తలనొప్పా? ముందు మాత్రలు లెక్కపెట్టండి

"విదేశానికి వచ్చి ఆరు నెలలైంది, రోజూ తలనొప్పే. డాక్టర్ స్కాన్ రాయకుండా ప్రశ్నలడిగి పంపేశారు. వేరే డాక్టర్‌ని చూడనా?" అని ఒకరు అడిగారు.

కొత్తలో నాకూ ఇలాగే ఒళ్లు మండింది. వెళ్తే అన్నీ ప్రశ్నలే. ఒక పక్కనా, రెండు పక్కలా? పోటు పెడుతుందా, పట్టేసినట్టుంటుందా? వెలుతురు పడుతుందా, వాంతవుతుందా? చివర్లో "నెలకి ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు?" అన్నారు. "అప్పుడప్పుడూ" అన్నాను. అదేదో రాసుకుని రమ్మన్నారు.

రాస్తే నెలలో 19 రోజులు తేలింది! మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లో, రెండు మూడు మందులు కలిపిన మాత్రలో అయితే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయట. నాది అదే. మానేసిన మొదటి వారం నరకం చూశాను, తర్వాత మెల్లగా తగ్గింది. మీరు మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా ఆపకండి, కొన్ని రకాలు ఒక్కసారిగా మానకూడదు.

వెంట తెచ్చుకున్న మాత్రల బ్రాండ్ పేరు అక్కడి డాక్టర్‌కి తెలియకపోవచ్చు. స్ట్రిప్ చూపించండి. మన పారాసెటమాల్‌నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. చాలా జలుబు మందుల్లోనూ అదే ఉంటుంది. తెలియక రెండూ వేసుకుంటే డోసు మించిపోయి కాలేయానికి ముప్పు.

చలిదేశంలో ఉంటే ఇంకొకటి గమనించండి. ఇంట్లో ఉన్నంతసేపూ నొప్పి, బయటికెళ్తే హాయి, పక్కగదిలో వాళ్లకీ అంతే అయితే హీటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తోందేమో! దానికి రంగూ వాసనా ఉండవు. వెంటనే అందరూ బయటికొచ్చి అత్యవసర నంబర్‌కి ఫోన్ చేయండి, తర్వాత డిటెక్టర్ పెట్టించుకోండి.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు నొప్పొచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యీ కాలూ పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకే వెళ్లాలి. మిమ్మల్ని చూడ్డానికొచ్చిన పెద్దవాళ్లకి, 50 దాటాక కొత్తగా కణతల్లో నొప్పి మొదలై నమిలితే దవడ లాగుతుంటే ఆరోజే చూపించండి, కంటిచూపుకే ప్రమాదం.

వేరే డాక్టర్ సంగతంటారా, ఒక నెల లెక్క రాసుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్లండి.